మెయిల్ ఒక చెట్టు, దాన్ని వరసలా చదివితే అటాచ్‌మెంట్లు పోతాయి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజన్ మొదలైందంటే, గేటు బయట లారీలు నిలబడినట్టే ఆఫీసు మెయిల్‌బాక్సులో మెయిల్స్ నిలబడిపోతాయి. కొనేవాళ్లు పంపే ఆర్డర్ పీడీఎఫ్, ల్యాబ్ నుంచి బ్రిక్స్ (తీపి కొలత), ఆమ్లత్వం రిపోర్టు, చెన్నై పోర్టు ఏజెంటు పంపే షిప్పింగ్ కాగితాలు, అన్నీ అటాచ్‌మెంట్లుగానే వస్తాయి. తిరుపతిలో లాడ్జీలవాళ్లకైతే బుకింగ్ సైట్ల నుంచి రోజంతా కన్ఫర్మేషన్ మెయిల్స్. వీటిని ఒక్కొక్కటే తెరిచి డౌన్‌లోడ్ చేసే అబ్బాయి విసిగిపోతాడు. అప్పుడు ఎవరో ఒకరు పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాస్తారు.

ఆ స్క్రిప్టు దాదాపు ప్రతిచోటా ఒకేలా ఉంటుంది. మెయిల్‌ని పార్స్ చెయ్ (చదివి భాగాలుగా విడగొట్టు), వాక్ అనే మెథడ్‌తో అన్ని పార్టుల మీదా తిరుగు, మల్టీపార్ట్ (లోపల వేరే పార్టులున్న పార్టు) అయితే దాటెయ్, ఇది అటాచ్‌మెంటా కాదా చెప్పే కంటెంట్-డిస్పొజిషన్ హెడర్ లేకపోతే దాటెయ్, ఫైల్ పేరు దొరికితే డీకోడ్ చేసి డిస్కులో రాసెయ్. ఐదారు లైన్లు. రెండు మూడు మెయిల్స్ మీద పరీక్షిస్తే చక్కగా పనిచేస్తుంది కూడా. ఒకే చోటి నుంచి, ఒకే టెంప్లేటులో వచ్చే మెయిల్స్‌కైతే అది చాలు. పదిమంది పది రకాల ప్రోగ్రాముల నుంచి పంపే మెయిల్స్‌కి మాత్రం ఆ లూప్ పెట్టకూడదు. అందులో ఉన్నది చిన్న బగ్ అయితే సరిచేసుకోవచ్చు. ఇక్కడ తప్పు మూలంలోనే ఉంది: చెట్టుగా ఉన్నదాన్ని ఆ లూప్ వరసగా పరిచి చదువుతోంది. పరిచిన క్షణంలోనే ఏ పార్టు ఎవరి కింద ఉందన్న సమాచారం పోతుంది. ఆ పోయినదాన్ని తర్వాత ఎన్ని ఇఫ్‌లు పెట్టినా తిరిగి తెచ్చుకోలేం.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. 1982లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 822 నాటికి మెయిల్ అంటే హెడర్లు, ఒక ఖాళీ లైను, దాని కింద ఆస్కీ (ఒట్టి ఇంగ్లీషు) అక్షరాలు, అంతే. 1992 జూన్‌లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1341తో మైమ్, అంటే మెయిల్‌లో రకరకాల పార్టులు పెట్టే పద్ధతి, వచ్చింది. 1996లో అది 2045 నుంచి 2049 వరకు ఐదు పత్రాలుగా స్థిరపడింది. ఇవాళ మనం వాడేది అదే. అందులో అసలు ఆలోచన ఒక్కటే: ఒక పార్టు లోపల మళ్లీ పార్టులు ఉండొచ్చు, వాటి లోపల మళ్లీ. ఒక్కో మల్టీపార్ట్ కొమ్మకు బౌండరీ అనే ఒక గీత ఉంటుంది. గరిష్ఠంగా 70 అక్షరాలు. దాని ముందు రెండు హైఫన్లు పెడితే కొత్త పార్టు మొదలు, వెనక కూడా రెండు పెడితే ఆ కొమ్మ అయిపోయినట్టు.

ఒక మెయిల్‌ని దగ్గరగా చూద్దాం. దుబాయ్‌లో ఉన్న కొనుగోలుదారు కొత్త ఆర్డర్ పంపాడు. "నిరుడు పంపినట్టే" అని రాసి, నిరుటి మెయిల్‌ని కూడా దానికి తగిలించాడు. ఆ మెయిల్ లోపల ఇలా ఉంటుంది:

మల్టీపార్ట్/మిక్స్‌డ్
— 1 మల్టీపార్ట్/ఆల్టర్నేటివ్
— — 1.1 టెక్స్ట్/ప్లెయిన్
— — 1.2 మల్టీపార్ట్/రిలేటెడ్
— — — 1.2.1 టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్
— — — 1.2.2 ఇమేజ్/పీఎన్‌జీ, సంతకం కింది లోగో
— 2 అప్లికేషన్/పీడీఎఫ్, ఈ ఏటి ఆర్డర్
— 3 మెసేజ్/ఆర్‌ఎఫ్‌సీ822, నిరుటి మెయిల్
— — మల్టీపార్ట్/మిక్స్‌డ్
— — — 3.1 టెక్స్ట్/ప్లెయిన్
— — — 3.2 అప్లికేషన్/పీడీఎఫ్, నిరుటి ఆర్డర్

వాక్ దీని మీద లోతుకు పోతూ నడుస్తుంది. మొత్తం పదకొండు చేతికిస్తుంది. అందులో ఐదు కొమ్మలు (లోపల ఇంకేవో ఉన్నవి), ఆరు ఆకులు (లోపల ఇంకేమీ లేనివి). మనకు కావాల్సిన ఆకు ఒక్కటే, రెండో నంబరుది. కానీ వరసగా పరిచాక రెండోదీ, 3.2 కూడా అచ్చం ఒకేలా కనిపిస్తాయి. రెండూ పీడీఎఫ్‌లే. పేరు కూడా రెండింటికీ ఒకటే అయితే, పాతది తర్వాత వస్తుంది కాబట్టి కొత్తదాని మీద పడి రాసేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. ఫోల్డర్‌లో ఫైలు ఉంటుంది, తెరుచుకుంటుంది, అందులో నిరుటి రేటు, నిరుటి టన్నులు ఉంటాయి. ఎర్రర్ వచ్చి ఆగిపోయే ప్రోగ్రామును సాయంత్రానికి బాగు చేసుకోవచ్చు. ఇలా తప్పు కాగితాన్ని సరైన పేరుతో ఇచ్చేదాన్ని పట్టుకోవాలంటే సరుకు కంటైనర్ ఎక్కేదాకా ఆగాల్సి వస్తుంది.

ఈ మూడో నంబరు పార్టు దగ్గరే ఇంకో చిక్కు ఉంది, చాలామంది గమనించరు. "మల్టీపార్టా?" అని అడగడానికి పైథాన్‌లో రెండు దారులు: ఈజ్_మల్టీపార్ట్ అనే మెథడ్, లేదా కంటెంట్ మెయిన్‌టైప్ "మల్టీపార్ట్" అవునా అని చూడటం. రెండూ ఒకటే అనిపిస్తుంది, కాదు. మొదటిది అడిగేది "లోపల ఉన్నది జాబితానా" అని. మెసేజ్/ఆర్‌ఎఫ్‌సీ822 లోపల ఒకే ఒక్క మెయిల్ ఉన్న జాబితా ఉంటుంది కాబట్టి దానికి అవునని వస్తుంది. అంటే మొదటి దారిలో పోతే ఫార్వర్డ్ చేసిన మెయిల్ మెయిల్‌గా ఎప్పటికీ సేవ్ కాదు, దాని కడుపులో ఉన్నవి మాత్రం బయటపడతాయి. రెండో దారిలో పోతే ఆ పార్టు దాటిపోదు, దాని మీద లోపలి సరుకును ఇచ్చే గెట్_పేలోడ్‌ని డీకోడ్ ట్రూతో పిలిస్తే నన్ (ఏమీ లేదని పైథాన్ చెప్పే విలువ) వస్తుంది, నన్‌ని ఫైల్లో రాయబోయి స్క్రిప్టు టైప్ ఎర్రర్‌తో పడిపోతుంది. తిరగబడ్డ సందర్భం కూడా ఉంది. హెడర్‌లో మల్టీపార్ట్ అని ఉండి బౌండరీ రాయడం మర్చిపోయిన చెత్త మెయిల్స్ వస్తుంటాయి. వాటికి మెయిన్‌టైప్ మల్టీపార్టే, కానీ లోపల ఉన్నది జాబితా కాదు, ఒట్టి స్ట్రింగు.

బౌన్స్ మెయిల్ దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. మనం పంపిన కొటేషన్ చేరకపోతే తిరిగి వచ్చే మెయిల్ మల్టీపార్ట్/రిపోర్ట్. అందులో మొదట మనుషులు చదివే వివరణ, తర్వాత మెసేజ్/డెలివరీ-స్టేటస్, చివర చాలాసార్లు మనం పంపిన అసలు మెయిల్ మొత్తంగా. పరిచి చదివే లూప్ ఆ అసలు మెయిల్‌లోకి దిగి, మన కొటేషన్ పీడీఎఫ్‌నే బయటి నుంచి వచ్చిన ఆర్డర్‌గా దాచిపెడుతుంది. పైగా డెలివరీ-స్టేటస్‌లోని ఒక్కో హెడర్ల గుంపును పైథాన్ ఒక్కో చిన్న మెసేజ్‌గా పార్స్ చేస్తుంది. వాక్‌లో అవి టెక్స్ట్/ప్లెయిన్ అని ముఖం పెట్టుకుని వస్తాయి. మెయిల్ బాడీ కోసం వెతికే కోడ్ వాటిని బాడీ అనుకుంటుంది.

లాడ్జీ బుకింగ్ మెయిల్స్‌లో దెబ్బ వేరేచోట తగులుతుంది. మల్టీపార్ట్/ఆల్టర్నేటివ్ అంటే ఒకే విషయం రెండు మూడు రూపాల్లో అని అర్థం. ప్లెయిన్ ఒకటి, హెచ్‌టీఎంఎల్ ఒకటి, కొన్నిసార్లు టెక్స్ట్/క్యాలెండర్ కూడా. సాదా రూపం ముందు, మెరుగైనది చివర ఉండాలని ఆర్‌ఎఫ్‌సీ 2046 చెబుతుంది. మనకు అర్థమయ్యే వాటిలో చివరిది తీసుకోవాలి, ఒక్కటే తీసుకోవాలి. పరిచి చదివే కోడ్‌కి తాను ఆల్టర్నేటివ్ లోపల ఉన్న సంగతే తెలియదు. టెక్స్ట్ పార్టులన్నీ కలిపి అతికించి అందులో రూమ్ నంబరు, తేదీ, మొత్తం వెతుకుతుంది. ఒకే బుకింగ్ రెండుసార్లు పడుతుంది. శనివారం రాత్రి గది ఉండి కూడా లేదని భక్తుల్ని వెనక్కి పంపాల్సి వస్తుంది.

"ఇవన్నీ తెలిసే కదా పైథాన్‌లో కొత్త ఏపీఐ (పిలిచి వాడుకునే మెథడ్ల సమితి) ఇచ్చారు, ఇటర్_అటాచ్‌మెంట్స్ వాడితే పోలా" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైథాన్ 3.6 నుంచి ఈమెయిల్‌మెసేజ్ క్లాసు స్థిరమైన ఏపీఐ. గెట్_బాడీ, ఇటర్_పార్ట్స్, గెట్_కంటెంట్ చాలా మంచివి, వాడాలి కూడా. ఒక్క హెచ్చరిక: పార్స్ చేసేటప్పుడు పాలసీని (ఎలా పార్స్ చేయాలన్న నియమాల సెట్టును) డిఫాల్ట్ అని మన చేత్తో ఇవ్వాలి. ఇవ్వకపోతే పాత కంపాట్32 పాలసీతో పాత మెసేజ్ క్లాసే వస్తుంది, ఈ మెథడ్లేవీ అందులో ఉండవు. డిఫాల్ట్ అనే పేరున్నది డిఫాల్ట్‌గా రాకపోవడం కొత్తవాళ్లను చాలాసేపు తిప్పలు పెడుతుంది.

కానీ ఇటర్_అటాచ్‌మెంట్స్ పైమెట్టులో ఉన్న పిల్లల్ని మాత్రమే చూస్తుంది, కిందికి దిగదు. పై పార్టు ఆల్టర్నేటివ్ అయితే ఖాళీగా తిరిగొస్తుంది. ఆపిల్ మెయిల్ నుంచి వచ్చే కొన్ని మెయిల్స్‌లో పైన ఆల్టర్నేటివ్, అందులో ఒకటి ప్లెయిన్, రెండోది మిక్స్‌డ్, ఆ మిక్స్‌డ్ లోపల హెచ్‌టీఎంఎల్ ముక్క, పీడీఎఫ్, మళ్లీ హెచ్‌టీఎంఎల్ ముక్క ఉంటాయి. ఆ పీడీఎఫ్ ఇటర్_అటాచ్‌మెంట్స్‌కి కనిపించదు. దాని డిస్పొజిషన్ తరచూ ఇన్‌లైన్ అని ఉంటుంది కాబట్టి "అటాచ్‌మెంట్" అన్న మాట కోసం వెతికే కోడ్‌కీ కనిపించదు. ఇంకోటి, స్కానర్ మెషిన్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని అసలు మల్టీపార్టే లేకుండా మెయిల్ మొత్తాన్నీ అప్లికేషన్/పీడీఎఫ్‌గా పంపేస్తాయి. పిల్లలే లేరు కాబట్టి అక్కడా ఖాళీయే.

అందుకే నా మాట: నడక మనమే రాసుకోవాలి. నలభై యాభై లైన్ల రికర్సివ్ (తనను తానే పిలుచుకునే) ఫంక్షన్, అంతకు మించదు. ఒక్కో కొమ్మ దగ్గర ఆగి, నువ్వు ఏ రకం అని అడిగి, దాని నియమం ప్రకారం కిందికి దిగాలి. దిగేటప్పుడు రెండు విషయాలు వెంట తీసుకుపోవాలి. ఒకటి, ఇప్పటిదాకా వచ్చిన దారి, అంటే 1.2.1 లాంటి చిరునామా. రెండోది, ఇప్పటికి ఎన్ని లోపలి మెయిల్స్ దాటామన్న లెక్క.

మిక్స్‌డ్ అయితే పిల్లలందర్నీ వరసగా చూడాలి. పేరు తెలియని మల్టీపార్ట్ ఏది వచ్చినా మిక్స్‌డ్‌గానే చూడమని ప్రమాణమే చెబుతుంది. ఆల్టర్నేటివ్ దగ్గర బాడీ కోసం ఒకర్ని ఎంచుకోవాలి, కానీ మిగతావాళ్లను పారేసే ముందు వాళ్ల కింద టెక్స్ట్ కాని ఆకులేమైనా ఉన్నాయేమో ఏరుకోవాలి. ఆపిల్ పీడీఎఫ్ దొరికేది అక్కడే. క్యాలెండర్ పార్టును బాడీ పోటీలోంచి తప్పించాలి, లేకపోతే చివరిది కాబట్టి అదే గెలుస్తుంది.

రిలేటెడ్ కాస్త ఓపిగ్గా చూడాల్సింది. అందులో మూల పార్టు ఒకటి ఉంటుంది. స్టార్ట్ అనే పారామీటర్ ఏది చెబితే అది, లేకపోతే మొదటిది. మిగతావి దానికి తోడు వచ్చే బొమ్మలు. లోగోలన్నీ అటాచ్‌మెంట్లుగా సేవ్ అయి, ఫోల్డర్ నిండా "ఇమేజ్001" అన్న పేరుతో వందల బొమ్మలు పేరుకునేది ఇక్కడే. అలాగని రిలేటెడ్‌లో ఉన్నవన్నీ వదిలేస్తే, నిజమైన ఫోటోలను, పీడీఎఫ్‌లను కూడా అందులోనే పెట్టి పంపే ప్రోగ్రాములు ఉన్నాయి, అవి పోతాయి. నమ్మకమైన పరీక్ష ఒకటుంది: ఆ పార్టు కంటెంట్-ఐడీ తీసుకుని, కోణపు బ్రాకెట్లు తీసేసి, హెచ్‌టీఎంఎల్‌లో సీఐడీ కోలన్ తర్వాత అదే ఐడీ వాడారా అని వెతకాలి. వాడితే అలంకారం. వాడకపోతే అటాచ్‌మెంట్.

సైన్‌డ్ అయితే మొదటి బిడ్డలోకి దిగాలి, రెండోది సంతకం, విడిగా రాసుకోవాలి. రిపోర్ట్ అయితే మెయిల్‌ని బౌన్స్‌ల వైపు తోసి అక్కడే ఆగిపోవాలి. మెసేజ్/ఆర్‌ఎఫ్‌సీ822 వచ్చినప్పుడు లోపలికి దిగకుండా దాన్ని పూర్తి మెయిల్‌గా, యాజ్_బైట్స్‌తో ఒక ఫైలుగా దాచాలి. లోపలి అటాచ్‌మెంట్లు నిజంగానే కావాలంటే దాన్నే కొత్త మెయిల్‌గా విడిగా పార్స్ చేసి, "ఫలానా మెయిల్ లోపల దొరికింది" అన్న గుర్తుతో దాచాలి. నిరుటి ఆర్డర్ ఈ ఏటి ఆర్డర్ పక్కన కూర్చోకుండా ఆపేది ఈ గుర్తే. లోతుకు హద్దు కూడా పెట్టండి. మామూలు మెయిల్ ఐదారు మెట్లు దాటదు. ఇరవై దాటితే ఆపేసి పక్కన పెట్టడం మంచిది. పైథాన్ రికర్షన్ హద్దు మామూలుగా 1000. కావాలని లోతుగా చుట్టి పంపే దుర్మార్గులు ఉంటారు.

ఆకు దగ్గరికి వచ్చాక ఇక పేరు సంగతి. తెలుగువాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన తిప్పలున్నాయి, వాటి గురించి ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో ఒక్క ముక్క ఉండదు. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు కోడ్ పాయింటు (యూనికోడ్ నంబరున్న అక్షరం లేదా గుర్తు) ఒక్కోటి మూడు బైట్లు. "తిరుపతి" అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఏడు కోడ్ పాయింట్లు, 21 బైట్లు. బైట్లను మామూలు అక్షరాలుగా మార్చే బేస్64 ప్రతి మూడు బైట్లనూ నాలుగు అక్షరాలు చేస్తుంది కాబట్టి 28 అక్షరాలు అవుతుంది. అదే పని చేసే ఇంకో పద్ధతి కోటెడ్-ప్రింటబుల్‌లో అయితే 63. హెడర్లలో ఇంగ్లీషు కాని మాటలకు వాడే ఎన్‌కోడెడ్-వర్డ్‌కి ఆర్‌ఎఫ్‌సీ 2047 పెట్టిన హద్దు 75 అక్షరాలు. అందులో ముందూ వెనకా గుర్తులకే 12 పోతాయి. మిగిలిన 63లో పట్టేది 60 బేస్64 అక్షరాలు, అంటే 45 బైట్లు, అంటే 15 తెలుగు కోడ్ పాయింట్లు. "చిత్తూరు మామిడి గుజ్జు కొనుగోలు ఒప్పందం" అనే ఫైలు పేరు ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 113 బైట్లు. కనీసం మూడు ముక్కలవుతుంది.

ముక్కను అక్షరం మధ్యలో కోయకూడదని నియమం ఉంది. కోసేసే ప్రోగ్రాములూ ఉన్నాయి. ముక్కనొక్కదాన్నే స్ట్రింగుగా డీకోడ్ చేసి తర్వాత అతికిస్తే, కోత పడిన చోట అక్షరం పోయి ప్రశ్నార్థకపు వజ్రాలు మిగులుతాయి. పక్కపక్కన ఉన్న ముక్కల క్యారెక్టర్‌సెట్ (అక్షరాల ఎన్‌కోడింగ్) ఒకటే అయితే ముందు బైట్లను కలపాలి, ఆ తర్వాతే డీకోడ్ చేయాలి. ముక్కల మధ్య ఉండే ఖాళీని లెక్కలోకి తీసుకోకూడదు. ఫైలు పేరు కోటుల మధ్యలో ఈ ఎన్‌కోడెడ్-వర్డ్ వాడటమే తప్పు, దానికి ఆర్‌ఎఫ్‌సీ 2231 వేరే పద్ధతి పెట్టింది. అయినా వాడేవాళ్లు వాడుతూనే ఉన్నారు. కొత్త పాలసీ రెండింటినీ చదువుతుంది, కంపాట్32లో ఎన్‌కోడెడ్-వర్డ్‌ని మనమే విప్పుకోవాలి. గెట్_ఫైల్‌నేమ్ డిస్పొజిషన్‌లో పేరు లేకపోతే కంటెంట్-టైప్‌లోని నేమ్ కూడా చూస్తుంది. డిస్పొజిషన్ లేదని ముందే దాటేసే ఐదు లైన్ల లూప్ ఆ మేలును పోగొట్టుకుంటుంది.

లినక్స్‌లో ఫైలు పేరు హద్దు మామూలుగా 255 బైట్లు. అంటే తెలుగులో 85 కోడ్ పాయింట్లు. ఒత్తులు, గుణింతాలు, పొల్లు గుర్తులు అన్నీ లెక్కే, కాబట్టి చూడ్డానికి నలభై యాభై అక్షరాల పేరే హద్దు దాటేస్తుంది. మరో సూక్ష్మం: "ై" గుర్తుకు యూనికోడ్‌లో రెండు రూపాలున్నాయి. ఒకే కోడ్ పాయింటుగా ఒకటి, ఎత్వమూ ఐత్వపు పొడుగు గుర్తూ విడివిడిగా రెండోది. మ్యాక్‌ల పాత ఫైల్ వ్యవస్థ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ విడగొట్టిన రూపమే దాచుకునేది. కాబట్టి "రైతు" అని కనిపించే రెండు పేర్లు పోలిస్తే ఒకటి కాకపోవచ్చు. పోల్చే ముందు ఎన్‌ఎఫ్‌సీలోకి (కలిపిన రూపంలోకి) మార్చాలి.

ఇంత చిక్కు ఉంది కాబట్టి, పంపినవాళ్లు పెట్టిన పేరుతో డిస్కులో రాయడమే మానెయ్యాలంటాను. ఫైలులో ఉన్న బైట్ల మీద షా-256 హ్యాష్ (వేలిముద్ర లాంటి విలువ) తీసి అదే పేరుగా పెట్టుకోండి. అసలు పేరు, మెసేజ్-ఐడీ, చెట్టులో దారి, మూడూ డేటాబేస్‌లో ఉండాలి. అప్పుడు రెండు చుక్కలు, స్లాష్‌లు పెట్టి ఫోల్డర్ బయటికి పాకే పేర్ల బెడద ఉండదు, ఒకే పేరున్న రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి తుడిచేయవు, ఒకే ఫైలు మూడుసార్లు వస్తే హ్యాష్ చూసి తెలిసిపోతుంది. రకాన్ని కూడా హెడర్ మాట మీద నమ్మకండి. అప్లికేషన్/ఆక్టెట్-స్ట్రీమ్ అని వచ్చే పీడీఎఫ్‌లు బోలెడు. మొదటి ఐదు బైట్లు పర్సెంట్ గుర్తు, పి, డి, ఎఫ్, హైఫన్ అయితే అది పీడీఎఫ్.

బాడీ అక్షరాల విషయంలో ఒక స్థానిక సమస్య. తిరుపతి డీటీపీ సెంటర్లలో ఇంకా యూనికోడ్ కాని అను ఫాంట్ల వాడకం ఉంది. అందులో టైపు చేసిన మ్యాటర్‌ని మెయిల్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, విచిత్రమైన గుర్తులు వస్తాయి. దాన్ని చూసి క్యారెక్టర్‌సెట్ తప్పనుకుని గంటలు గంటలు వేరే వేరే ఎన్‌కోడింగ్‌లు ప్రయత్నిస్తారు. అక్కడ డీకోడింగ్ సరిగ్గానే జరిగింది. తెలుగు రూపం ఫాంటులో ఉంది, బైట్లలో లేదు. దానికి ఫాంట్ కన్వర్టర్ ఒక్కటే దారి.

పైథాన్ పార్సర్ ఎంత చెడ్డ మెయిల్ వచ్చినా మామూలుగా ఎక్సెప్షన్ విసరదు. చివరి బౌండరీ లేకపోయినా, అసలు బౌండరీయే దొరక్కపోయినా, దొరికినంత చెట్టు కట్టి, లోపాలను డిఫెక్ట్స్ అనే జాబితాలో రాసి ఊరుకుంటుంది. కాబట్టి ప్రతి పార్టు దగ్గరా ఆ జాబితా చూడాలి. బేస్64లో పడే లోపాలు మాత్రం డీకోడ్ చేశాకే అందులోకి చేరతాయి, అంతకుముందు చూస్తే ఖాళీగా ఉంటుంది. డిఫెక్ట్ ఉన్న మెయిల్‌ని మెషిన్ నిర్ణయానికి వదలకుండా మనిషి చూసే ఫోల్డర్‌లో పెట్టాలి. మెయిల్‌ని ఎప్పుడూ బైట్లుగానే తెరవాలి. టెక్స్ట్ మోడ్‌లో తెరిచి స్ట్రింగు నుంచి పార్స్ చేస్తే 8బిట్‌లో (బేస్64 లాంటి ఎన్‌కోడింగ్ లేకుండా) వచ్చిన తెలుగు బాడీ అక్కడే చెడిపోతుంది.

మొదలుపెట్టే ముందు మీ మెయిల్‌బాక్సు నుంచి వేర్వేరు పంపకందారులవి ఒక ముప్పై మెయిల్స్ ఫైళ్లుగా దించి, ఈమెయిల్ ఇటరేటర్స్ మాడ్యూల్‌లో ఉన్న అండర్‌స్కోర్ స్ట్రక్చర్ ఫంక్షన్‌తో ఒక్కోదాని చెట్టూ ప్రింట్ చేసి చూడండి. అందులో ఒక బౌన్స్, ఒక ఫార్వర్డ్, ఐఫోన్ నుంచి ఒకటి, ఔట్‌లుక్ నుంచి ఒకటి, స్కానర్ నుంచి ఒకటి తప్పక ఉండాలి. ఏ చెట్టు నుంచి ఏ ఆకులు రావాలో ముందు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత కోడ్ రాయండి. ఆ ముప్పై మెయిల్స్‌నే టెస్టులుగా ఉంచుకోండి. కొత్త రకం మెయిల్ ఏది తప్పినా అందులో ఇంకొకటి చేరుతుంది.

ఐమ్యాప్ (సర్వర్ మీది మెయిల్స్ చదివే ప్రోటోకాల్) నుంచి దించేటప్పుడు ఆర్‌ఎఫ్‌సీ822 అని ఫెచ్ అడిగితే సర్వర్ ఆ మెయిల్‌ని చదివినట్టు గుర్తు పెట్టేస్తుంది. ఆఫీసులో కూర్చున్న మనిషి బోల్డ్‌గా ఉన్న మెయిల్స్‌నే తెరుస్తాడు. స్క్రిప్టు రాత్రి రెండింటికి నడిచి అన్నీ చదివినట్టు చేసేస్తే పొద్దున కొత్త ఆర్డర్ అతని కంట పడదు. చదివిన గుర్తు పెట్టకుండా ఇచ్చే బాడీ.పీక్ వాడండి, లేదా మెయిల్‌బాక్సును రీడ్-ఓన్లీగా సెలెక్ట్ చేయండి. పెద్ద మెయిల్స్ ఎక్కువైతే ముందు బాడీస్ట్రక్చర్ అడిగితే చెట్టు ఆకారం మాత్రమే వస్తుంది. పైన చూపిన 2, 3.2 లాంటి నంబర్లు ఐమ్యాప్ లెక్క ప్రకారం వేసినవే. కావాల్సిన ఒక్క ఆకును దాని నంబరుతో దించుకోవచ్చు, మిగతా మెయిల్ సర్వర్ మీదే ఉంటుంది.